పీహెచ్‌సీ నుంచి పాలసీ దాకా: విజయవాడ, గుంటూరు యువ డాక్టర్లకు ప్రాథమిక వైద్యం, ప్రజారోగ్య పరిశోధనల్లో కెరీర్ మార్గదర్శి

గుంటూరు మెడికల్ కాలేజీలోనో, విజయవాడ సిద్ధార్థలోనో హౌస్ సర్జన్సీ ముగించబోతున్న వాళ్లను "తర్వాత ఏంటి?" అని అడిగితే దాదాపు అందరూ చెప్పేది నీట్ పీజీయే. ర్యాంకు వస్తే జనరల్ మెడిసినో రేడియాలజీయో, రాకపోతే మళ్లీ ఏడాది కోచింగ్. మధ్యలో పీహెచ్‌సీ ఉద్యోగం వస్తే, ఓపీ తొందరగా ముగించుకుని చదువుకోవడానికి దొరికిన చోటు అనుకుంటారు. ఈ ఆలోచన వల్ల ఊరికీ నష్టమే, ఆ డాక్టరుకీ నష్టమే. ముప్పై వేల మంది జనాభా, వాళ్ల రిజిస్టర్లు, ఇంటింటి సంగతీ తెలిసిన ఏఎన్‌ఎంలు, ఆశాలు ఒక యువ డాక్టరు చేతికి అందేది అక్కడే. ప్రజారోగ్యంలోనో, పరిశోధనలోనో, ఆరోగ్య విధానంలోనో ఎదగాలనుకునే వారికి అదే పెట్టుబడి. దాన్ని ఎలా వాడుకోవాలో, ఎక్కడెక్కడ జారిపోతుందో వరుసగా చూద్దాం.

ముందు: మీకు సరిపోయే పని ఏది?

ప్రాథమిక వైద్యం అనే మాట కింద మూడు వేర్వేరు పనులున్నాయి. మొదటిది వైద్యం: ఒకే కుటుంబాన్ని ఏళ్ల తరబడి చూడటం, తాతకి బీపీ, కోడలికి గర్భం, మనవడికి జ్వరం. రెండోది కార్యక్రమాలు నడపడం: టీకాలు, టీబీ, మలేరియా, మందుల సరఫరా, సిబ్బంది. మూడోది ప్రశ్నలు వేసి, లెక్క తేల్చి, విధానాన్ని మార్చే పని. చదువు, పరీక్షలు, ఉద్యోగ భద్రత మూడింటికీ వేరు.

రోగితో మాట్లాడితేనే తృప్తి కలిగే వాళ్లు కేవలం ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) చేసి ఆఫీసు కన్సల్టెన్సీకి వెళ్తే రెండేళ్లలో విసిగిపోతారు. మీటింగులంటే, ఫైళ్లంటే చిరాకు పడేవారికి జిల్లా ప్రోగ్రాం ఆఫీసరు కుర్చీ నరకమే. ఎటు వెళ్లాలో తేలకపోతే రెండేళ్లు పీహెచ్‌సీలో పనిచేయండి. మూడు పనుల రుచీ తెలిసే చోటు అదొక్కటే.

మొదటి అడుగు: హౌస్ సర్జన్సీలో కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగు

ఎంబీబీఎస్ తర్వాతి ఏడాది ఇంటర్న్‌షిప్‌లో కమ్యూనిటీ మెడిసిన్‌కు 12 వారాలున్నాయి. సంతకం పెట్టేసి లైబ్రరీకి వెళ్లిపోయే పోస్టింగుగా దీనికి పేరు. ఈ 12 వారాల్లో మూడు పనులు చేయండి. ఒక ఏఎన్‌ఎంతో కనీసం ఒక పూర్తి టీకాల రోజు గడపండి: ఐస్ ప్యాకులు సర్దడం మొదలు మిగిలిన వయల్స్ తిరిగి వచ్చేదాకా. ఒక టీబీ రోగి ఇంటికి వెళ్లి, మాత్రలు ఎక్కడ పెట్టుకుంటున్నాడో చూడండి. పీహెచ్‌సీ నెలవారీ రిపోర్టు తయారయ్యేటప్పుడు పక్కన కూర్చుని, ఏ అంకె ఏ రిజిస్టరు నుంచి వస్తోందో రాసుకోండి.

ఇంకా ఎంబీబీఎస్ చదువుతున్న వాళ్లకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉంది. 1979 నుంచి నడుస్తోంది. రెండు నెలల ప్రాజెక్టు, కాలేజీలోనే ఒక గైడు, చివర రిపోర్టు. అప్లికేషన్లు తిరస్కరణకు గురయ్యేది ఎక్కువగా ఒకే కారణంతో: రెండు నెలల్లో తేలని ప్రశ్న. "కృష్ణా జిల్లాలో మధుమేహం వ్యాప్తి" రెండు నెలల పని కాదు. "ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో షుగర్ మాత్రలు తీసుకుంటున్నవారిలో గత నెల మందు మానేసిన వారెందరు, ఎందుకు" అయితే రెండు నెలల్లో అవుతుంది. కుటుంబ దత్తత కార్యక్రమంలో మీకు అప్పగించిన ఇళ్లనే చూడండి, ప్రశ్నలు అక్కడే ఉంటాయి.

రెండో అడుగు: ఉద్యోగంలో చేరడం

రాష్ట్రంలో పీహెచ్‌సీ డాక్టరు అంటే సివిల్ అసిస్టెంట్ సర్జన్. నియామకాలు ఏపీ వైద్య సేవల నియామక బోర్డు చేస్తుంది. ఇటీవలి నోటిఫికేషన్లలో రాతపరీక్ష లేదు. మెరిట్ నూటికి లెక్కిస్తే అందులో 75 ఎంబీబీఎస్ మార్కులకే. మిగతావి పాసై గడిచిన ఏళ్లకు, ప్రభుత్వంలో చేసిన కాంట్రాక్టు సేవకు. గిరిజన ప్రాంతంలో చేసిన ఆరు నెలలకు గ్రామీణ సేవకన్నా, గ్రామీణ సేవకు పట్టణ సేవకన్నా ఎక్కువ మార్కులు. అందుకే ఫైనల్ ఎంబీబీఎస్ మార్కులు తగ్గిన వాళ్లకు ఏజెన్సీ కాంట్రాక్టు పోస్టు లెక్క ప్రకారం కూడా మంచిదే.

పోస్టు పోయేది మాత్రం తరచుగా కాగితాల దగ్గరే. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ శాశ్వత రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, గడువు దాటి ఉంటే అప్లికేషన్ అక్కడే ఆగుతుంది. స్థానికత కోసం నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. స్కూలు మూతపడి ఉంటే ఎంఈఓ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది కాబట్టి నోటిఫికేషన్ రాకముందే తెచ్చిపెట్టుకోండి. కాంట్రాక్టు సేవ సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, వదిలిన తేదీ, ప్రాంతం గ్రామీణమా గిరిజనమా అన్నది స్పష్టంగా ఉండాలి. "మా దగ్గర పనిచేశారు" అని రాసిచ్చిన కాగితానికి మార్కులు రావు.

కేంద్ర సర్వీసులు కావాలనుకునే వారికి యూపీఎస్‌సీ కంబైన్డ్ మెడికల్ సర్వీసెస్ పరీక్ష ఉంది. రెండు పేపర్లు, ఒక్కోటి 250 మార్కులు, రెండేసి గంటలు, 120 ప్రశ్నలు. తప్పు జవాబుకు మూడో వంతు కోత. ఇంటర్వ్యూకు 100. కమ్యూనిటీ మెడిసిన్ రెండో పేపర్లో సర్జరీ, ప్రసూతి శాస్త్రాలతో కలిసి వస్తుంది. నీట్ పీజీకి చదివినవాళ్లు అదనంగా చదవాల్సింది తక్కువే, అయినా మన వైపు నుంచి రాసేవాళ్లు తక్కువ. రైల్వే ఆసుపత్రులు, కేంద్ర ఆరోగ్య సేవ పోస్టులు దీని ద్వారానే నింపుతారు.

మూడో అడుగు: పీహెచ్‌సీలో మొదటి మూడు నెలలు

మైదాన ప్రాంతంలో ఒక పీహెచ్‌సీకి 30,000, ఒక ఉపకేంద్రానికి 5,000 జనాభా అనేది జాతీయ ప్రమాణం. గిరిజన ప్రాంతంలో 20,000, 3,000. మన రాష్ట్రంలో 2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానం ప్రకారం, ఇద్దరు డాక్టర్లలో ఒకరు పీహెచ్‌సీలో ఉంటే మరొకరు 104 వాహనంతో ఊళ్లకు వెళ్తారు. పథకాల పేర్లు ప్రభుత్వాలతో మారినా, డాక్టరు ఊరికి వెళ్లాలన్న లెక్క తెలుసుకుని చేరండి.

మొదటి వారం ఓపీ చూస్తూనే రిజిస్టర్లు చదవండి. ముఖ్యంగా గర్భిణుల రిజిస్టరు, బీపీ-షుగర్ రిజిస్టరు, టీబీ జాబితా, మందుల స్టాకు, టీకాలు దాచే ఫ్రిజ్, అంటే ఐఎల్‌ఆర్, ఉష్ణోగ్రతల పుస్తకం. ఐఎల్‌ఆర్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, రోజుకు రెండుసార్లు రాయాలి. పేజీ నిండా ఉదయం నాలుగు, సాయంత్రం నాలుగు అని ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఉంటే ఆ పుస్తకం నెలాఖరులో ఒక్కసారిగా రాసిందని అర్థం. ఎవరినీ నిలదీయకండి. రెండు వారాలపాటు మీరే ఉదయం థర్మామీటరు చూసి మీ అంకె మీరు రాయండి, పుస్తకం తనంతట తానే దారికొస్తుంది.

రెండో వారం ఒక చిన్న లెక్క వేయండి. జనన రేటు వెయ్యికి 15 అనుకుంటే 30,000 మందికి ఏడాదికి 450 కాన్పులు. గర్భస్రావాలు వగైరాకు పదోవంతు కలిపితే 495 గర్భాలు. అంటే నెలకు సుమారు 41 కొత్త నమోదులు రావాలి. మీ రిజిస్టరులో 24 వస్తుంటే మిగతా 17 మంది ఎక్కడున్నారు? గుంటూరు, తెనాలి, విజయవాడ ప్రైవేటు నర్సింగ్ హోములకు వెళ్లిన వారు కొందరు, పుట్టింటికి వెళ్లిన వారు కొందరు. వాళ్లెవరో ఆశాకు తెలుసు, రిజిస్టరుకు తెలియదు. మొదట పూడ్చాల్సిన ఖాళీ ఇదే. ఆ మిగిలిపోయినవారిలోనే రక్తహీనత ఎనిమిదో నెలలో బయటపడేవాళ్లుంటారు.

మూడో వారం నుంచి ఒక్కో ఉపకేంద్రానికి ఒక పూట కేటాయించండి. ఆశాల నెలవారీ సమావేశంలో మాట్లాడే వంతు వాళ్లకివ్వండి. డాక్టరుగారు అరగంట ఉపన్యాసం ఇచ్చి వెళ్లిపోతే ఆ రోజు కొత్తగా తెలిసేది సున్నా. "ఈ నెల మీ వీధిలో ఎవరు ఆసుపత్రి పాలయ్యారు, ఎంత ఖర్చయింది?" అని అడిగి చూడండి.

దగ్గరగా ఒక పని: బీపీ రిజిస్టరు ఆడిట్

పరిశోధన అంటే ల్యాబూ, గ్రాంటూ అనుకునే వాళ్లకు మొదటి పాఠం ఇదే. రెండు రోజుల పని, ఖర్చు ఒక నోటు పుస్తకం.

ముందు హారం, అంటే కింద ఉండే భాగించే సంఖ్య, సరిచూసుకోండి. కనీసం ఆరు నెలల కిందట నమోదైన బీపీ రోగులందరినీ తీసుకోండి. వాళ్లలో గత మూడు నెలల్లో వచ్చి, బీపీ 140/90 కన్నా తక్కువ ఉన్నవారు ఎందరో లెక్కించండి. ఉదాహరణకు నమోదైన వారు 240. గత మూడు నెలల్లో వచ్చినవారు 130. అదుపులో ఉన్నవారు 78. రిపోర్టులో "బీపీ నియంత్రణ 60 శాతం" అని వస్తుంది, ఎందుకంటే 78ని 130తో భాగించారు. 240తో భాగిస్తే 32.5 శాతం. రాకుండా పోయిన 110 మందిని లెక్కలోంచి తీసేస్తే ఏ కార్యక్రమమైనా బాగున్నట్టే కనిపిస్తుంది. విధానాల్లో జరిగే పెద్ద పొరపాట్లలో చాలావాటికి మూలం ఈ హారమే, దీన్ని పీహెచ్‌సీలోనే పట్టుకోవడం నేర్చుకోవాలి.

తర్వాత అంకెల చివర చూడండి. రిజిస్టరులో ఓ వంద రీడింగులు తీసుకుని పై బీపీ చివరి అంకె సున్నా ఎన్నిసార్లు ఉందో లెక్కించండి. చేత్తో కొలిచే పరికరం రెండేసి గీతలతో ఉంటుంది కాబట్టి సున్నా ఐదోవంతు రావాలి, అంటే వందలో ఇరవై. డిజిటల్ మిషనైతే పది. డెబ్బై ఎనభై వస్తే కొలత కాదు, అంచనా రాస్తున్నారు. 120/80, 130/80, 140/90 వరుసగా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కారణాలు సాధారణంగా మూడు: రద్దీ, కఫ్ లీకు, లావు చేతులకు సరిపోయే కఫ్ లేకపోవడం. రోగిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో ఆనించి, రెండుసార్లు కొలవడానికి ఓపీ గదిలో చోటు ఉండదు. వరండాలో ఒక కుర్చీ, ఒక బల్ల వేసి ఆ పని ఒక్కరికే అప్పగిస్తే చాలావరకు దారికొస్తుంది.

చివరగా రాని 110 మందిలో ఇరవై మందిని ఎంచుకుని ఇంటికెళ్లి ఎందుకు రాలేదో అడగండి. "తలనొప్పి తగ్గింది, అందుకే మానేశాను" అనేవారు, మిరప కోతలకు వెళ్లినవారు, పది రోజుల మందే ఇస్తే బస్సు ఛార్జీ కూడా దండగ అనుకున్నవారు ఉంటారు. ఆ మూడో జవాబు ఎక్కువగా వస్తే మందు నెలకు సరిపడా ఇవ్వడం, దానికి తగ్గట్టు మందుల ఇండెంటు పెంచడం మీ చేతిలో పనే. మూడు నెలల తర్వాత అదే లెక్క మళ్లీ వేయండి. ముందు, తర్వాత, మధ్యలో ఏం మార్చారు: ఈ రెండు పేజీలు మీ పరిశోధన జీవితంలో మొదటి పత్రం. ఎంపీహెచ్ ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కన్నా దీని గురించే ఎక్కువ అడుగుతారు.

నాలుగో అడుగు: అంటువ్యాధి వచ్చిన రోజు

2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో కలుషిత నీటితో అతిసారం ప్రబలింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో ఉంది. మన ప్రాంతంలో పనిచేసే డాక్టరు ఇలాంటి రోజు ఎప్పుడో ఒకప్పుడు చూడక తప్పదు. ఆ రోజు వైద్య శిబిరంలో సెలైన్లు పెట్టే డాక్టర్లు పది మంది ఉంటారు. లైన్ లిస్టు, అంటే ఒక్కో రోగికి ఒక్కో వరుస ఉండే జాబితా, రాసేవాళ్లు ఉండరు.

ఒక పెద్ద కాగితం తీసుకోండి. పేరు, వయసు, ఇల్లు, మొదటి విరేచనం అయిన రోజు, గంట, నీళ్లు ఎక్కడివి, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా. శిబిరానికి వచ్చిన రోజు కాదు, జబ్బు మొదలైన గంట రాయాలి. అది తప్పితే ఏ గంటకు ఎన్ని కేసులో చూపే వక్రరేఖ తప్పుతుంది, మూలం దొరకదు. తర్వాత వీధుల పటంలో చుక్కలు పెట్టండి. ఇంజనీరింగ్ విభాగం దగ్గర పైపులైను పటం ఉంటుంది, దాన్ని పక్కన పెట్టి చూడండి. ఒక్కో వీధి జనాభాతో కేసుల్ని భాగిస్తే దాడి రేటు వస్తుంది. కేసులు ఎక్కువున్న వీధి పెద్ద వీధి మాత్రమే కావచ్చు, అసలు సంగతి రేటు చెబుతుంది. కుళాయి చివర క్లోరోస్కోపుతో చూస్తే లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. వ్యాధి ప్రబలినప్పుడు 0.5 ఉండేలా చూస్తారు. ట్యాంకు దగ్గర బాగుండి, చివరి కుళాయిలో సున్నా వస్తే మధ్యలో లీకు ఉన్నట్టే. ఇవన్నీ ప్రభుత్వ వ్యాధి నిఘా పోర్టల్ ఐహెచ్‌ఐపీలో ఎక్కించడమే కాక, మీ కాపీ దాచుకోండి.

ఈ పనిలో ఆసక్తి పుడితే చదువు ఎటో ఇక వెతుక్కోనక్కర్లేదు. చెన్నైలోని ఐసీఎంఆర్ జాతీయ అంటువ్యాధుల శాస్త్ర సంస్థ, అందరూ ఎన్‌ఐఈ అనే చోట, 2001లో ఎంఏఈ (అప్లైడ్ ఎపిడెమియాలజీలో మాస్టర్స్) కోర్సు మొదలైంది. రెండేళ్లు, అందులో ఎక్కువ కాలం క్షేత్రంలోనే. ఇండియా ఎపిడెమిక్ ఇంటెలిజెన్స్ సర్వీస్ శిక్షణ ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం ఎన్‌సీడీసీలో 2012లో మొదలైంది, ఇదీ రెండేళ్లే.

ఐదో అడుగు: ఏ పీజీ?

ఇక్కడే ఎక్కువ మంది తప్పటడుగు వేస్తారు కాబట్టి సూటిగా చెప్పుకుందాం.

మెడికల్ కాలేజీలో బోధించాలంటే, జిల్లా స్థాయి ప్రజారోగ్యంలో నిలబడాలంటే ఎండీ కమ్యూనిటీ మెడిసిన్. మూడేళ్లు. నీట్ పీజీలో ఈ సీటు పెద్ద ర్యాంకుకూ దొరుకుతుంది, అందుకే "ఏదీ రాకపోతే ఎస్‌పీఎం" (ఈ విభాగం పాత పేరు) అనే చులకన ఉంది. ఇష్టపడి చేరినవాళ్లకు పోటీ తక్కువ. మంగళగిరి ఎయిమ్స్‌లో ఈ విభాగం పేరే కమ్యూనిటీ అండ్ ఫ్యామిలీ మెడిసిన్, దానికి నీట్ పీజీ కాక ఐఎన్‌ఐ సెట్ అనే వేరే ప్రవేశ పరీక్ష రాయాలి. కాలేజీని ఎంచుకునేటప్పుడు ఒకటే అడగండి: గ్రామీణ, పట్టణ శిక్షణ కేంద్రాల్లో పీజీలు వారానికి ఎన్ని రోజులు ఓపీ చూస్తారు? "క్యాంపులుంటాయండీ" అనే జవాబొస్తే వైద్యం మర్చిపోతారు. పీజీలందరికీ తప్పనిసరైన మూడు నెలల జిల్లా రెసిడెన్సీని కూడా సెలవులా కాక జిల్లా నిఘా విభాగంలోనో, జిల్లా ఆసుపత్రిలోనో ఒక లెక్క తేల్చడానికి వాడండి.

క్లినిక్ మానకూడదనుకుంటే ఫ్యామిలీ మెడిసిన్: ఎండీ లేదా డీఎన్‌బీ మూడేళ్లు, జాతీయ పరీక్షల బోర్డు డిప్లొమా రెండేళ్లు. దూరవిద్యలో వచ్చే ఫ్యామిలీ మెడిసిన్ డిప్లొమాలు నైపుణ్యానికి పనికొస్తాయి, అయితే అవి గుర్తింపు పొందిన పీజీతో సమానం కావు. బోర్డు మీద డిగ్రీ రాసేముందు, కోర్సు ఫీజు కట్టేముందు ఈ తేడా చూసుకోవాలి.

ఎంపీహెచ్ విషయంలో భ్రమలెక్కువ. ఎంబీబీఎస్ తర్వాత ఎంపీహెచ్ చేస్తే మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసరు కాలేరు, దానికి ఎండీయో డీఎన్‌బీయో కావాలి. పరిశోధన సంస్థలకు, అంతర్జాతీయ సంస్థలకు, పాలసీ పనికి మాత్రం చక్కగా పనికొస్తుంది. హైదరాబాద్‌లో ఐఐపీహెచ్, సెంట్రల్ యూనివర్సిటీ, చెన్నై ఎన్‌ఐఈ, తిరువనంతపురం శ్రీచిత్ర, ముంబయి టిస్ మంచి చోట్లు. లెక్కలు, వ్యాధుల నిఘా కావాలంటే చెన్నై. ఆరోగ్యం వెనకున్న కులం, భూమి, కూలీ అర్థం కావాలంటే టిస్, లేదా ఢిల్లీ జేఎన్‌యూలోని సామాజిక వైద్య కేంద్రం. పాసవగానే కాక, రెండేళ్లు పనిచేశాక వెళ్లండి, అప్పుడు క్లాసులో చెప్పే ప్రతి మాటకీ మీ కళ్లముందు ఒక ఊరుంటుంది.

విదేశాల్లో చేయాలనుకునేవారు గుర్తుంచుకోవాల్సిన షరతు: బ్రిటన్ వారి చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కు 2,800 గంటల పని అనుభవం, అమెరికాలో చదివించే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కు మూడేళ్ల అనుభవం. పీహెచ్‌సీ సేవ రెండింటికీ లెక్కకొస్తుంది.

ఇన్-సర్వీస్ కోటా గురించి ఒక మాట. ప్రభుత్వంలో నిర్ణీత కాలం గ్రామీణ సేవ చేసిన వారికి పీజీలో కొన్ని సీట్లు కేటాయిస్తారు. శాతం, విభాగాలు ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతుంటాయి. 2024లో తగ్గించినప్పుడు పీహెచ్‌సీ డాక్టర్లు సమ్మెకు దిగారు. కాబట్టి కోటాను అవకాశంగా చూడండి, జీవిత ప్రణాళిక మొత్తం దాని మీదే కట్టకండి.

ఆరో అడుగు: రిజిస్టరు నుంచి పరిశోధన పత్రానికి

ఎన్‌ఐఈ వారి ఆన్‌లైన్ బేసిక్ కోర్సు ఇన్ బయోమెడికల్ రీసెర్చ్ పీజీలకు ఎలాగూ తప్పనిసరి, ముందే చేసేయండి. తర్వాత వచ్చే అడ్డంకులు దాదాపు అందరికీ ఒకటే.

శాంపిల్ సైజు. జబ్బు వ్యాప్తి 30 శాతం ఉంటుందనుకుని, ఐదు శాతం అటూ ఇటూ తేడాతో తెలుసుకోవాలంటే నాలుగు ఇంటూ 30 ఇంటూ 70 (వందలో మిగతాది), దాన్ని ఐదు వర్గంతో, అంటే 25తో భాగిస్తే 336. ఊళ్లను గుంపులుగా ఎంచుకుంటే ఒకే ఊరివాళ్లు ఒకేలా ఉంటారు కాబట్టి డిజైన్ ఎఫెక్టు రెండు వేసుకుని, అంటే రెట్టింపు చేసి, 672. సహకరించని వారికోసం మరో పదోవంతు. ఇక్కడ పొరపాటు ఏమిటంటే, ఐదు శాతం అన్నది 30లో ఐదు శాతమా, 25 నుంచి 35 దాకానా అని రాయకపోవడం. ముప్పైలో ఐదు శాతమంటే 1.5, అప్పుడు శాంపిల్ మూడు వేలు దాటిపోతుంది. ఎథిక్స్ కమిటీ మొదట అడిగేది ఇదే.

అనుమతులు రెండు వేరు. డీఎంహెచ్‌ఓ అనుమతి రికార్డులు చూడటానికి. ఎథిక్స్ కమిటీ అనుమతి మనుషుల సమాచారంతో పరిశోధన చేయడానికి. ఒకటుంటే రెండోది అక్కర్లేదనుకుని డేటా సేకరించేస్తే, తర్వాత ఏ మంచి పత్రికా తీసుకోదు, వెనక తేదీ వేసి అనుమతి ఇవ్వడం ఎక్కడా కుదరదు. రోగులకు మందో, పద్ధతో మార్చి చూసే ట్రయల్ అయితే మొదటి మనిషిని చేర్చుకోకముందే దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో నమోదు కావాలి. 2018 ఏప్రిల్ నుంచి తర్వాత నమోదు చేసే వీల్లేదు. సమ్మతి పత్రం మన ఊరి తెలుగులో రాయండి. "యాదృచ్ఛికీకరణ" అని రాసిన పత్రం మీద వేలిముద్ర తీసుకోవడం సమ్మతి కాదు.

పాత లెక్కలతో పోల్చేటప్పుడు మన జిల్లాల సంగతి మరవకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5, 2019-21లో జరిగింది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ సర్వేలో గుంటూరు అంటే నేటి గుంటూరుతో పాటు పల్నాడు, బాపట్లలో కొంత భాగం. కృష్ణా అంటే నేటి ఎన్టీఆర్, కృష్ణా జిల్లాలతో పాటు ఏలూరుకు వెళ్లిన నూజివీడు, కైకలూరు వైపు కూడా. మాచర్ల వైపు పరిస్థితీ, మంగళగిరి వైపు పరిస్థితీ ఒకే సగటులో ఉన్నాయి. "ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ తర్వాత గుంటూరులో రక్తహీనత ఇంత తగ్గింది" అని రాసేవాళ్లు వేర్వేరు జనాభాలను పోలుస్తున్నారు.

అనుకున్న ఫలితం రాకపోయినా ప్రచురించండి. పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల పరిధిలో ఆశాలకు ట్యాబ్లెట్లిచ్చి గుండెజబ్బు ముప్పు ఎక్కువున్నవారిని గుర్తించి, డాక్టరు దగ్గరికి పంపే ట్రయల్ ఒకటి జరిగింది. ఫలితాలు 2019లో వచ్చాయి. బీపీ లక్ష్యం చేరినవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ఫలితం విలువైనదే: గుర్తించడం ఒక్కటీ చాలదని, మందు, డాక్టరు, మళ్లీ రావడం అన్నీ కలిస్తేనే బీపీ దిగుతుందని ఆలోచింపజేసింది.

డబ్బు కట్టగానే వారంలో అచ్చేసే పత్రికలకు దూరంగా ఉండండి. జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) లెక్కలోకి తీసుకునేది మెడ్‌లైన్, పబ్‌మెడ్ సెంట్రల్, స్కోపస్, డీఓఏజే వంటి జాబితాల్లో ఉన్నవి. మీ పత్రిక ఉందో లేదో ఆ జాబితాలోనే వెతకండి, పత్రిక వెబ్‌సైటు చెప్పింది నమ్మకండి.

ఏడో అడుగు: పాలసీ గదిలోకి

ఉద్యోగాలు ఎక్కడెక్కడ? రాష్ట్ర ఆరోగ్య మిషన్ ఆఫీసు, ఢిల్లీలో జాతీయ ఆరోగ్య వ్యవస్థల వనరుల కేంద్రం ఎన్‌హెచ్‌ఎస్‌ఆర్‌సీ, నీతి ఆయోగ్, డబ్ల్యూహెచ్‌ఓ నిఘా వైద్యాధికారి పోస్టులు, టీబీ కన్సల్టెంట్లు, యూనిసెఫ్, పరిశోధన సంస్థలు. డబ్ల్యూహెచ్‌ఓ నిఘా వ్యవస్థ 1997లో పోలియో కోసం మొదలైంది, ఇప్పుడు తట్టు, రుబెల్లా కూడా చూస్తుంది. ఎంబీబీఎస్‌తోనే చేరవచ్చు, జిల్లాలు తిరగాలి. వీటిలో చాలావరకు ఏడాది ఏడాదికి పొడిగించే కాంట్రాక్టులే. జీతం బాగుంటుంది, పెన్షను ఉండదు. ఇంటి అప్పు తీసుకునేముందు ఇది ఇంట్లో చెప్పాలి. పరిశోధనే జీవితమనుకునేవారికి హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఇండియా అలయన్స్ క్లినికల్, ప్రజారోగ్య ఫెలోషిప్‌లు ఇస్తుంది.

ఉద్యోగం పీహెచ్‌సీలోనే ఉన్నా విధానం మీద ప్రభావం చూపవచ్చు, డబ్బు ఎలా కదులుతుందో తెలిస్తే. జాతీయ ఆరోగ్య మిషన్‌లో మన రాష్ట్రానికి కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో ఇస్తాయి. ఖర్చు ఏ పద్దు కింద అన్నది పీఐపీ అనే కార్యక్రమ అమలు ప్రణాళికలో ఉంటుంది. 2022-24 నుంచి అది రెండేళ్లకోసారి. జిల్లా ప్రతిపాదనలు రాష్ట్రానికి, అక్కడి నుంచి ఢిల్లీకి వెళ్లి, ఆమోదం ఆర్‌ఓపీ అనే పత్రంగా తిరిగొస్తుంది. మంచి ఆలోచన ఏప్రిల్ తర్వాత డీఎంహెచ్‌ఓ టేబుల్ మీదికొస్తే "బాగుందండీ, పద్దు లేదు" అనే జవాబే వస్తుంది. జిల్లా ప్రతిపాదనలు తయారయ్యే శీతాకాలంలో ఇవ్వండి.

ఒకే పేజీ. పైన సమస్య ఒక వాక్యంలో, మీ మండలం అంకెతో: "నమోదై ఆరు నెలలు దాటిన 240 మంది బీపీ రోగుల్లో 110 మంది మూడు నెలలుగా రాలేదు." తర్వాత కారణం, ఇరవై ఇళ్లు తిరిగి తెలుసుకున్నది. తర్వాత ఏం మార్చారు, ఏమైంది. తర్వాత అడుగుతున్నది: ఎన్ని పీహెచ్‌సీలకు, ఒక్కోదానికి ఎంత, ఏ పద్దు కింద. పద్దు కోడు రాయడం ముఖ్యం. అది లేని కాగితాన్ని జిల్లా ప్రోగ్రాం మేనేజరు పక్కన పెడతారు, ఉన్న కాగితాన్ని ఫైల్లో కలుపుతారు. కోడు కావాలంటే గత ఆర్‌ఓపీ తెరిచి మీకు దగ్గరగా ఉన్న వరుస చూడండి, ఆ పత్రాలు జాతీయ ఆరోగ్య మిషన్ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంటాయి. అదనపు డబ్బు అడగకుండా ఉన్న నిధిలోనే మార్పు అడిగితే ఒప్పుకోవడం తేలిక. కాపీ ఒకటి స్థానిక అకౌంటెంటుకు కూడా ఇవ్వండి, పేజీలో మీరు వేసిన లెక్క తప్పయితే మొదట పట్టుకునేది ఆయనే.